బ్రోషర్‌లో బెర్లిన్, ఓడ ఆగేది వార్నెముండెలో: బాల్టిక్ క్రూయిజ్‌కు వెళ్లవచ్చా?

కాకినాడ కాజా
జులైలో అమ్మానాన్నలను తీసుకుని బాల్టిక్ సముద్రంలో క్రూయిజ్‌కు వెళ్లాలని చూస్తున్నాను. కోపెన్‌హాగన్‌లో ఎక్కి మళ్లీ అక్కడే దిగడం. ఏజెంటు పంపిన కాగితంలో బెర్లిన్, స్టాక్‌హోం, హెల్సింకి, టాలిన్, రీగా అని పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు. అడుగున కంటికి ఆనని అక్షరాల్లో బెర్లిన్‌కు వార్నెముండె అని, స్టాక్‌హోంకు నీనెస్‌హామ్న్ అని ఉంది. మ్యాపు తీసి చూస్తే వార్నెముండె నుంచి బెర్లిన్ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాకినాడ రేవులో దింపి విజయవాడ చూపించామని చెప్పుకున్నట్టుంది. ఏజెంటును నిలదీస్తే "అందరూ అలాగే వెళ్తున్నారు సార్" అంటున్నాడు.
నాన్నగారికి 71, మోకాళ్లు అంతంత మాత్రం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఊరికి ఏడెనిమిది గంటలు చొప్పున తిరిగే ఈ యాత్రకు అంత డబ్బు పోయడం సబబేనా? వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ గార్డు
క్రూయిజ్ కాగితంలో ఊరి పేరు చదవకూడదు, రేవు పేరు చదవాలి. ఆ తర్వాత ఓడ వచ్చే వేళ, కదిలే వేళ. బయలుదేరడానికి అరగంట, ఒక్కోసారి గంట ముందే అందరూ లోపల ఉండాలంటారు. దిగడానికి క్యూలో ఇంకో అరగంట. ఎనిమిది గంటలని రాస్తే మీ చేతికి వచ్చేది ఆరున్నర.

పుల్లట్టు
గార్డు గారు రిటైరైనా పచ్చజెండా వదల్లేదు.

స్టాక్‌హోం కోడలు
ఇక్కడ కాపురం ఉంటున్నాను కాబట్టి నీనెస్‌హామ్న్ సంగతి చెబుతాను. మీరు భయపడినంత లేదు. ఊరికి దక్షిణంగా 60 కిలోమీటర్లు. లోకల్ రైలు ఎక్కితే గంటలో స్టాక్‌హోం నడిబొడ్డున దిగుతారు. స్టేషన్ రేవుకు దగ్గరే. కాంటాక్ట్‌లెస్ కార్డు గేటుకు ఆనిస్తే చాలు, వేరే టికెట్ అక్కర్లేదు. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. స్వీడన్‌లో నగదుతో పని జరగదు, బస్సులో అసలు తీసుకోరు. పబ్లిక్ టాయిలెట్‌కు కూడా కార్డే.
మీరు నష్టపోయేది వేరే ఉంది. చిన్న ఓడలు స్టాక్‌హోం ఊళ్లోకే వస్తాయి. అప్పుడు దీవుల మధ్య నుంచి గంటల తరబడి ప్రయాణం. చిన్నాపెద్దా కలిపి 30 వేల దాకా దీవులున్నాయంటారు. నీనెస్‌హామ్న్‌లో ఆగే ఓడకు ఆ దారి తగలదు. ఏ ఓడో, ఏ రేవో గట్టిగా అడిగి రాయించుకోండి.

కాకినాడ కాజా
అమ్మయ్య, కోడలు గారూ, స్టాక్‌హోం దిగులు కొంత తీరింది. మరి బెర్లిన్?

మధిర మాధవి
బెర్లిన్ వదిలేయండి. పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. మా ఆఫీసు జంట ఒకటి ఓడవాళ్ల బస్సులో వెళ్లింది. బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర ఫొటో, గోడ ముక్క దగ్గర ఫొటో, మళ్లీ బస్సు. రాత్రి ఓడకు చేరేసరికి ఆవిడకు కాళ్లు వాచాయి.
మేము వార్నెముండెలోనే ఉండిపోయాము. లైట్‌హౌస్, కాలువ గట్టున చేపల దుకాణాలు, వెడల్పాటి ఇసుక తీరం. విసుగొస్తే పక్కనే రోస్టాక్, లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. అక్కడి విశ్వవిద్యాలయం 1419 నాటిది. రైళ్లంటే ఇష్టమైతే బాడ్ డోబెరాన్‌కు వెళ్లి మొల్లి అనే ఆవిరి బండి ఎక్కవచ్చు. ఊరి వీధి మధ్య నుంచే, కొట్ల ముందు నుంచే గంట కొట్టుకుంటూ పోతుంది.

రిటైర్డ్ గార్డు
మాధవి గారూ, ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నన్ను మాత్రం బెర్లిన్ బస్సే ఎక్కించారు.

సొంత సంచి
అందరూ ఓడ చుట్టే తిరుగుతున్నారు. అసలు క్రూయిజ్ ఎందుకు? స్టాక్‌హోం నుంచి హెల్సింకికి రోజూ సాయంత్రం పెద్ద ఫెర్రీలు బయలుదేరతాయి. గది ఉంటుంది, భోజనం ఉంటుంది, పొద్దున పదిన్నరకల్లా హెల్సింకి. కోడలు గారు చెప్పిన దీవుల దారి అందులో తప్పకుండా తగులుతుంది. హెల్సింకి నుంచి టాలిన్ 80 కిలోమీటర్లు, రెండు గంటలు. కోపెన్‌హాగన్ నుంచి స్టాక్‌హోంకు రైల్లో అయిదు గంటల చిల్లర. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు కావాలంటే అన్ని రాత్రులు ఉండవచ్చు, ఖర్చూ తక్కువ. క్రూయిజ్ అంటే ఊళ్లు చూడడం కాదు, ఊళ్లను తాకి పారిపోవడం.

డల్లాస్ డాబా
సొంత సంచి గారికి మోకాళ్లు ఇంకా కొత్తవి అనుకుంటాను.

సొంత సంచి
మోకాళ్ల సంగతి కాదు, డబ్బు సంగతి. మీరు డాలర్లలో లెక్కపెడతారు కాబట్టి తెలియదు.

డల్లాస్ డాబా
లెక్క నాకూ వచ్చు. మా అత్తమామలతో మీ పద్ధతిలోనే వెళ్లాము. ప్రతి ఊళ్లో హోటల్, ప్రతి హోటల్లో పెట్టెలు విప్పడం, కట్టడం. మామగారి మందుల సంచి ఒకటి, అత్తగారి దేవుడి సంచి ఇంకొకటి. స్టాక్‌హోం స్టేషన్‌లో పెట్టెలన్నీ లాక్కుంటూ లిఫ్టు వెతుకుతుంటే వదిన ఒక మెట్టు మీద కూర్చుని కదలనంది. మరుసటి ఏడాది క్రూయిజ్‌లో పెట్టె ఒక్కసారి విప్పాము, చివరి రోజున కట్టాము. పెద్దవాళ్లు అలసిపోతే ఆ పూట డెక్కు మీద కుర్చీలో కూర్చున్నారు. మేము ఊరు తిరిగి వచ్చాము. ఎవరి మీద ఎవరికీ విసుగు లేదు. ఆ మనశ్శాంతికి మీ లెక్కలో ఎంత వేస్తారు?

సొంత సంచి
పెద్దవాళ్లు ఉంటే ఒప్పుకుంటాను. భార్యాభర్తలిద్దరే అయితే మాత్రం ఫెర్రీయే. ఇంకో మాట, ఆ ఫెర్రీలు దారిలో అర్ధరాత్రి పూట ఓలండ్ దీవుల్లో ఎందుకు ఆగుతాయో తెలుసా? ఆ దీవులు ఫిన్లాండ్‌వే అయినా యూరోపియన్ యూనియన్ పన్నుల గిరికి బయట. అక్కడ ఒకసారి రేవు తాకితే ఓడలో పన్ను లేని మందు అమ్ముకోవచ్చు.

పుల్లట్టు
ఇందాక పారిపోవడం తప్పన్నారు. మందు కోసం తాకితే ఒప్పా?

సత్తెనపల్లి సుందరి
నా ప్రశ్న సముద్రం గురించి. మా అమ్మ ఎప్పుడో టీవీలో ఎస్టోనియా అనే ఓడ మునిగిన వార్త చూసిందట. బాల్టిక్ అంటేనే వద్దంటోంది. అలలు ఎక్కువా?

విశాఖ కెరటం
నౌకల పనిలో ఉన్నవాడిని. ఆ ఫెర్రీ 1994 సెప్టెంబరు 28న, అర్ధరాత్రి దాటాక, టాలిన్ నుంచి స్టాక్‌హోం వెళ్తూ తుపాను గాలిలో మునిగింది. 852 మంది పోయారు. కార్లు లోపలికి ఎక్కించడానికి ముక్కు భాగంలో పెద్ద తలుపు ఉంటుంది. అలల దెబ్బకు దాని బయటి కవచం ఊడి, కార్ల అంతస్తులోకి నీళ్లు జొరబడ్డాయి. ఆ ప్రమాదం తర్వాత ఉత్తర ఐరోపాలో ఫెర్రీల నిబంధనలు బాగా బిగించారు. క్రూయిజ్ ఓడల్లో ఆ ముక్కు తలుపే ఉండదు. పైగా జూన్, జులైలో బాల్టిక్ చాలావరకు నెమ్మదిగానే ఉంటుంది. ఆటుపోట్లు దాదాపు లేవు కాబట్టి ఓడ దిగే మెట్ల వంతెన పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కొంత మేలు.
మీ అమ్మగారికి నడి అంతస్తులో, ఓడ మధ్య భాగంలో గది తీసుకోండి. ఊపు తక్కువ తెలుస్తుంది.

సత్తెనపల్లి సుందరి
ధన్యవాదాలు. అమ్మకు మొదటి సగం చదివి వినిపించను.

నిడదవోలు జంక్షన్
జూన్‌లో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. స్వీడన్‌లో, ఫిన్లాండ్‌లో మిడ్‌సమ్మర్ పండుగ జూన్ 19 నుంచి 26 లోపు వచ్చే శుక్ర, శనివారాల్లో చేస్తారు. టాలిన్ ఉన్న ఎస్టోనియాలో, రీగా ఉన్న లాట్వియాలో ఏటా 23, 24 తేదీల్లోనే. ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లంతా పల్లెలకు, దీవులకు వెళ్లిపోతారు. మేము హెల్సింకిలో దిగినది సరిగ్గా ఆ శనివారం. దుకాణాలు మూత, ట్రాములో మేమూ డ్రైవరూ. అంత పెద్ద సెనేట్ చౌక్‌లో పావురాలే ఎక్కువ.

స్టాక్‌హోం కోడలు
నిజం. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినంత ఖాళీ. కాజా గారిది జులై కాబట్టి ఇబ్బంది లేదు.

తెనాలి పంచాంగం
ఒక ధర్మసందేహం. జూన్‌లో హెల్సింకిలో సూర్యుడు రాత్రి పదకొండు దగ్గర పడుతుంటే అస్తమిస్తాడు, తెల్లవారి నాలుగింటికి మళ్లీ ప్రత్యక్షం. మా అన్నయ్య సాయంసంధ్య వార్చనిదే భోజనం చేయడు. ఓడలో భోజనశాల అప్పటికి మూసేస్తారు. ఏమి చేయాలి?

పుల్లట్టు
వార్చాక అర్ధరాత్రి పిజ్జా కౌంటర్ తెరిచే ఉంటుంది. దర్భ మాత్రం అక్కడ దొరకదు.

రిటైర్డ్ గార్డు
గడియారం చూసుకుని చేయమనండి. పరాయి దేశంలో సర్దుబాటు తప్పదు. అన్నట్టు ఓడ గడియారం కూడా చూడాలి. హెల్సింకి, టాలిన్, రీగా స్టాక్‌హోం కంటే గంట ముందు నడుస్తాయి. ఫోను తనంతట తాను మారిపోతుంది, ఓడ టైము మారవచ్చు, మారకపోవచ్చు. గదికి రోజూ వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ టైముకు తిప్పుకోవడం మేలు.

మధిర మాధవి
వెలుతురు మాట వచ్చింది కాబట్టి, కిటికీ లేని లోపలి గది చవక అని చిన్నచూపు చూడకండి. ఈ ప్రాంతంలో ఎండాకాలం చీకటి కొనుక్కోవలసిన వస్తువు. బాల్కనీ గదివాళ్లు తెర సందులోంచి వచ్చే ఎండను తువ్వాళ్లతో కప్పుకున్నారు. మేము హాయిగా నిద్రపోయాము.

విశాఖ కెరటం
ఒప్పుకోను. స్టాక్‌హోం దీవుల మధ్యకు ఓడ వెళ్లే పక్షంలో బాల్కనీ ఉండాలి. తెల్లవారుజామున అయిదింటికి, అప్పటికే ఎండ. రెండు పక్కలా దీవులు. ఎర్ర రంగు చెక్క ఇళ్లు, అంచులకు తెల్ల పట్టీలు, ప్రతి ఇంటికీ ఒక బల్లకట్టు, దానికి కట్టిన చిన్న పడవ. ఆ ఎర్ర రంగు ఫాలున్ అనే ఊళ్లోని పాత రాగి గని మట్టి నుంచి వచ్చింది. ఒక బల్లకట్టు మీద ముసలాయన చెడ్డీతో నిలబడి, కాఫీ కప్పు ఉన్న చేతినే ఎత్తి మాకు ఊపాడు. కాఫీ ఒలికి కాలి మీద పడింది, గంతేశాడు. అంత దగ్గరగా పోతుంది ఓడ.

మధిర మాధవి
అందుకు పై డెక్కు ఉందిగా, ఉచితంగా.

కాకినాడ కాజా
స్టాక్‌హోంలో ఒక్క పూటే ఉంటే ఏది చూడాలి?

స్టాక్‌హోం కోడలు
వాసా మ్యూజియం. రెండో ఆలోచన వద్దు. 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాపలెత్తి కదిలిన యుద్ధనౌక, దాదాపు 1300 మీటర్లు వెళ్లి జనమంతా చూస్తుండగానే మునిగిపోయింది. 1961లో పైకి తీశారు. మొత్తం ఓడ, బొమ్మలతో సహా, ఒకే హాలులో నిలబెట్టారు. లిఫ్టులున్నాయి, నాన్నగారికి కష్టం ఉండదు.

నల్లగొండ మాస్టారు
ఆ ఓడ కథ మన ఇంజనీర్లందరూ వినవలసినది. ఫిరంగుల అంతస్తులు రెండు, మొత్తం 64 ఫిరంగులు. పైన బరువెక్కువ, అడుగున పట్టు చాలదు. బయలుదేరక ముందే పరీక్ష చేశారు. 30 మంది నావికులను డెక్కు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. మూడో పరుగుకు ఓడ ఎంతగా ఊగిందంటే, అడ్మిరల్ చూసి పరీక్షను ఆపించాడు. ఓడను కాదు, పరీక్షను! రాజు గుస్తావ్ అడాల్ఫ్ యుద్ధరంగం నుంచి త్వరపెడుతూ జాబులు రాస్తున్నాడు మరి. ప్రారంభోత్సవం ముహూర్తం ఖాయమైపోయిన ప్రాజెక్టు ఏ దేశంలోనైనా అంతే. తర్వాత విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.
333 ఏళ్లు నీళ్లలో ఉన్నా కలప చెడకపోవడానికి కారణం బాల్టిక్ నీళ్లే. ఎన్నో నదులు వచ్చి కలవడంతో అక్కడ ఉప్పు బాగా తక్కువ. కలపను తొలిచే పురుగు ఆ నీటిలో బతకదు.

పుల్లట్టు
విచారణ, శిక్ష లేదు. మాస్టారూ, ఇది స్వీడనేనా?

రిటైర్డ్ గార్డు
కోపెన్‌హాగన్‌లో ఆ మత్స్యకన్య విగ్రహం కోసం మాత్రం ఎండలో నడవకండి. మీటరుంపావు ఎత్తు. మా మనవడు "ఇంతేనా తాతా" అన్నాడు.

నల్లగొండ మాస్టారు
చిన్నదే, కానీ దాని తల 1964లో ఎవరో కోసుకుపోయారు, 1998లో మళ్లీ కోశారు. అన్ని అగచాట్లు పడిన విగ్రహాన్ని ఒకసారి పలకరిస్తే తప్పేముంది?
కోపెన్‌హాగన్‌తో మనకు పాత బంధుత్వం ఒకటి ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ వాళ్లది. దాన్ని వాళ్లకిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అక్కడి డాన్స్‌బోర్గ్ కోట ఇప్పటికీ ఉంది. కోపెన్‌హాగన్ వీధుల్లో నడుస్తున్నప్పుడు ఇది గుర్తుంటే ఆ ఊరు కొంచెం చుట్టపు ఊరిలా అనిపిస్తుంది.

కాకినాడ కాజా
మాస్టారూ, ఇది నాన్నగారికి చెప్పాలి. ఇక భోజనం. అమ్మ సంగతి ఏమిటి? ఆవకాయ, నెయ్యి, పొడులు పట్టుకెళ్లవచ్చా?

ఉత్త పెరుగన్నం
ఓడలో భోజనానికి లోటు లేదు. మొదటి రాత్రే భోజనశాల పెద్దను కలిసి, గుడ్డు కూడా లేని శాకాహారం అని స్పష్టంగా చెప్పండి. మరునాటి పదార్థాలు ముందు రోజు రాత్రే రాసుకుంటారు. పెద్ద ఓడల వంటింట్లో గోవా వాళ్లో ముంబయి వాళ్లో ఒకరైనా తగులుతారు. ఒకసారి పరిచయమైతే పప్పు, అన్నం, ఏదో ఒక కూర తప్పకుండా వస్తాయి.
నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. పాలకోవా, నేతి మిఠాయిలు కూడా అందులోకే వస్తాయి. మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేనిదే మామిడిపండ్లు, కరివేపాకు కూడా కుదరవు. ఇంట్లో వండినవి చాలా ఓడలు లోపలికి రానివ్వవు. సీలు వేసిన పొడులకు మామూలుగా అడ్డు చెప్పరు. కెటిల్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ కనిపిస్తే తీసుకుని చివరి రోజున ఇస్తారు.

డల్లాస్ డాబా
టిప్పులు కూడా లెక్కలో వేసుకోండి. మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా చాలా కంపెనీలు వాటంతటవే బిల్లుకు కలుపుతాయి. ఏజెంటు చెప్పిన ధరలో ఇది ఉందో లేదో అడగండి.

ఉత్త పెరుగన్నం
ఒడ్డున దిగినప్పుడు హెల్సింకి రేవు సంతలో కరేలియా పై అని అడగండి. పలుచటి రై పిండి అంచుల మధ్య పాలలో ఉడికించిన బియ్యం. పైన గుడ్డు వెన్న వేస్తారు, అది వద్దని ముందే చెప్పాలి. వేడిగా ఉన్నప్పుడు అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది.

సొంత సంచి
ఆ సంత దగ్గరే సుఒమెన్లిన్నా కోటకు ఫెర్రీ ఎక్కుతారు. మామూలు సిటీ టికెట్టే, పావుగంట ప్రయాణం. ఓడవాళ్లు అమ్మే టూరు ఇక్కడ దండగ. హెల్సింకిలో సౌనా, అంటే ఆవిరి స్నానపు గది, కూడా చూడండి, సుమారు 56 లక్షల జనాభాకు దాదాపు 30 లక్షల సౌనాలున్న దేశం.

పుల్లట్టు
డబ్బు కట్టి చెమట పట్టించుకోవడానికి ఫిన్లాండ్ దాకా ఎందుకు? మే నెలలో రెంటచింతల బస్టాండ్‌లో నిలబడితే చాలు.

నిడదవోలు జంక్షన్
టాలిన్‌కు కూడా టూరు అక్కర్లేదు. రేవు నుంచి పాత ఊరి ప్రాకారం దాకా ఇరవై నిమిషాల నడక. మున్సిపల్ చౌక్‌లో ఒక మందుల షాపు ఉంది, 1422 నాటికే నడుస్తున్నట్టు రికార్డు. ఇప్పటికీ మందులమ్ముతున్నారు. నేను తలనొప్పి బిళ్లలు కొన్నాను. నాన్నగారి విషయంలో జాగ్రత్త, దారంతా గుండ్రాళ్ల పరుపు, పైన తూంపేఆ కొండకు ఎక్కుడు. కింది ఊళ్లో కూర్చోబెట్టి మీరు పైకి వెళ్లి రండి, లేదా టాక్సీ.

నల్లగొండ మాస్టారు
రీగాలో సెంట్రల్ మార్కెట్ చూడండి. జెప్లిన్ అనే గాలి ఓడల షెడ్ల ఇనుప చట్రాలతో కట్టారు, 1930లో తెరిచారు. అక్కడివాళ్లను 1989 ఆగస్టు 23 గురించి అడగండి. సోవియట్ పాలన వద్దంటూ టాలిన్ నుంచి రీగా మీదుగా లిథువేనియాలోని విల్నియస్ దాకా, సుమారు 675 కిలోమీటర్లు, దాదాపు ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. నాకు ఊరగాయ బల్ల దగ్గరి ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. అప్పటికి ఆవిడకు పదేళ్లట. జ్ఞాపకం ఉన్నదల్లా పక్కనున్న అపరిచితుడి చెయ్యి చెమట పట్టి జారిపోతుండడం. చెబుతూనే ఒక దోసకాయ ముక్క ఫోర్కుతో నోటికి అందించింది.

గుంటూరు గోంగూర
పాత బ్రోషర్లలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉండేది. ఇప్పుడు లేదా?

డల్లాస్ డాబా
2022 నుంచి పెద్ద కంపెనీలన్నీ మానేశాయి. అంతకు ముందు క్రూయిజ్‌లో వెళ్లి అనుమతి ఉన్న టూరుతో దిగితే 72 గంటల దాకా వీసా అక్కర్లేదు. ఒకప్పుడు ఈ యాత్రకు అదే తలమానికం. ఆ ఖాళీని రీగా, గ్డాన్స్క్, విస్బీ లాంటి ఊళ్లతో నింపుతున్నారు.

కాకినాడ కాజా
తేల్చుకున్నాను. స్టాక్‌హోం ఊళ్లోకే వెళ్లే చిన్న ఓడ ఒకటి చూశాను, ధర కొంచెం ఎక్కువే. వార్నెముండెలో దిగినా బెర్లిన్ జోలికి పోము. వీసా ఒక్కటే మిగిలింది, ఏ దేశానికి పెట్టుకోవాలి?

విశాఖ కెరటం
ఈ దేశాలన్నిటికీ షెంజెన్ అనే ఉమ్మడి వీసా ఒకటే. ఎక్కువ రోజులుండే దేశానికి పెట్టుకోవాలి. అన్నీ సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మీరు కోపెన్‌హాగన్‌లో ముందూ వెనకా ఆగుతారు కాబట్టి డెన్మార్కే అవుతుంది. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 30 వేల యూరోల బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి. ఇంగ్లండ్‌లో ఎక్కే ఓడ అయితే బ్రిటన్ వీసా వేరే కావాలి, షెంజెన్‌ది కూడా ఎన్నిసార్లయినా వెళ్లివచ్చే రకం ఉండాలి.

గుంటూరు గోంగూర
నేను అమెరికాలో హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెళ్లి రావచ్చా?

డల్లాస్ డాబా
వెళ్లవచ్చు, రాలేరు. కెనడా, మెక్సికోలకు వెళ్తే గడువు తీరిన స్టాంపుతోనే 30 రోజుల్లోపు తిరిగి రావచ్చు, యూరప్‌కు ఆ వెసులుబాటు లేదు. ముందు స్టాంపు వేయించుకోండి.

గుంటూరు గోంగూర
మా ఆవిడకు గ్రీన్ కార్డు ఉంది. ఆవిడకైనా షెంజెన్ వీసా తప్పుతుందా?

డల్లాస్ డాబా
తప్పదు. గ్రీన్ కార్డు అమెరికా గుమ్మానికే పనిచేస్తుంది. వాళ్లు చూసేది భారత పాస్‌పోర్టును.

గుంటూరు గోంగూర
మా అత్తగారిది అమెరికా పాస్‌పోర్టు.

డల్లాస్ డాబా
ఆవిడకు వీసా అక్కర్లేదు.

పుల్లట్టు
అయితే ఈసారి అత్తగారిని పంపించి ఫొటోలు చూడండి.